సెల్ఫ్ కొడితే ఇంజిన్ బరువుగా తిరుగుతోంది: తెరచాప పడవల డీజిల్ ఇంజిన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, మేము సియాటిల్‌లో ఉంటున్నాము. నాలుగేళ్ల క్రితం 1986లో తయారైన 30 అడుగుల తెరచాప పడవను కొని, లేక్ యూనియన్‌లో కట్టి ఉంచుతున్నాము. అందులో ఉన్నది పడవతో పాటే వచ్చిన రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. గత శరదృతువు నుండి సెల్ఫ్ కొడితే ఇంజిన్ చాలా బరువుగా, ఈడ్చుకుంటున్నట్టుగా తిరుగుతోంది. నాలుగైదుసార్లు ప్రయత్నిస్తే గాని అందుకోవడం లేదు. ఎండ బాగా కాసిన మధ్యాహ్నాలలో కొంత నయం. కొత్త బ్యాటరీ వేశాను. పది రోజులు బాగుండి, మళ్లీ మొదటికొచ్చింది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే స్టార్టర్ మోటార్ మార్చాలన్నారు. పోయిన నెల బల్లార్డ్ లాకులలోకి, అంటే సరస్సుకు, సముద్రానికి మధ్య నీటిమట్టాన్ని ఎక్కించి దించి పడవలను దాటించే గేట్ల గదులలోకి వెళ్లి, పడవను గోడకు కట్టి ఇంజిన్ ఆపాను. నీటిమట్టం దిగి గేటు తెరిచేసరికి ఇంజిన్ అందుకోలేదు. పక్క పడవవారు తాడు వేసి మమ్మల్ని బయటికి లాగారు. అప్పటి నుండి నా భార్య పడవ ఎక్కడానికి భయపడుతోంది. స్టార్టర్ మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు రాసిన నాలుగు విషయాలలోనే సగం జవాబు ఉంది. అయితే దానికి ముందు మీ ఉత్తరంలో కనిపించని ఒక విషయాన్ని అడగాలి. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టినప్పుడు మీరు ఇంజిన్‌లోకి బయటి నీటిని తెచ్చే వాల్వును, అంటే సీకాక్‌ను, మూసి ఉంచారా? తెరిచే ఉంచితే ఈ జవాబులో మిగిలినదంతా చదవకముందే ఈ ఒక్క అలవాటును మార్చుకోండి.

కారులో ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా పోయేది బ్యాటరీ, మహా అయితే స్టార్టర్. మీ పడవలో పొగ బయటికి పోయే దారి వేరు. ఇంజిన్‌ను చల్లబరచిన నీరు చివరికి పొగగొట్టంలోకే చిమ్మబడి, పొగతో కలిసి సైలెన్సర్ డబ్బాలోకి దిగుతుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపు పొగ ఒత్తిడి ఆ నీటిని పడవ వెనుక భాగం నుండి బయటికి నెట్టివేస్తుంది. ఇంజిన్ అందుకోకుండా కేవలం సెల్ఫ్ మీద తిరుగుతున్నప్పుడు నీటి పంపు తన పని తాను చేస్తూనే ఉంటుంది గాని, నీటిని నెట్టేంత పొగ మాత్రం ఉండదు. డబ్బా నిండుతుంది, గొట్టం నిండుతుంది, ఆ తరువాత తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా నీరు సిలిండర్‌లోకి చేరుతుంది. నీరు నలగదు. ఆ స్థితిలో మళ్లీ సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. స్టార్టర్ చిక్కుతో మొదలైన కథ ఇంజిన్‌ను పూర్తిగా విప్పే దాకా వెళ్లడాన్ని నేను చూశాను, ఆ యజమాని ముఖం ఇప్పటికీ మరచిపోలేదు.

కాబట్టి రెండో ప్రయత్నానికి కూడా ఇంజిన్ అందుకోకపోతే సీకాక్ మూయండి. అందుకున్న మరుక్షణం తెరవండి, ఎందుకంటే పంపులో నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, నీరు లేకుండా ఎక్కువసేపు బతకదు. మరచిపోతామన్న భయం ఉంటే, వాల్వు మూసినప్పుడల్లా దాని పిడికి ఒక ఎర్ర గుడ్డ కట్టి, అలాంటిదే మరొకటి స్విచ్ బోర్డుకు కట్టండి. ఇప్పటికే చాలాసార్లు సెల్ఫ్ కొట్టి ఉంటే సైలెన్సర్ డబ్బా అడుగున ఉన్న ప్లగ్గును విప్పి నీటిని వదిలేయండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారిందేమో కొలకర్ర తీసి చూడండి. అలా మారి ఉంటే సెల్ఫ్ ముట్టుకోకుండా మెకానిక్‌ను పిలవండి.

ఇక అసలు విషయానికి వద్దాము. ఇంజిన్ ఆలస్యంగా అందుకోవడం అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. ఇంజిన్ వేగంగానే తిరుగుతూ అందుకోకపోవడం ఒకటి. అది ఇంధనానికో, వేడికో, సిలిండర్‌లో గాలిని నొక్కే బలానికో, అంటే కంప్రెషన్‌కో సంబంధించినది. అసలు తిరగడమే బరువుగా ఉండడం రెండవది. అది చాలావరకు కరెంటుకు సంబంధించినది. మీది రెండవది. ఈ రెండింటినీ కలిపేసి, నాజిల్ ఒకసారి, ఫిల్టర్ ఒకసారి, బ్యాటరీ ఒకసారి మార్చుకుంటూ పోయేవారే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

తిరిగే వేగం ఎందుకంత ముఖ్యమో కృష్ణా, గోదావరి డెల్టాలలో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. చేల గట్లపై ఆయిల్ ఇంజిన్‌కు హ్యాండిల్ వేసి తిప్పే మనిషి, ముందుగా సిలిండర్‌లో ఒత్తిడి పట్టకుండా చేసే డీకంప్రెషన్ లీవర్ ఎత్తి, చక్రానికి మంచి ఊపు వచ్చేదాకా తిప్పి, అప్పుడు లీవర్ వదిలేవాడు. ఊపు చాలకపోతే ఎంత బలంగా లాగినా ఇంజిన్ ఒకసారి దగ్గి ఆగిపోయేది. డీజిల్‌కు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు లేదు. సిలిండర్‌లోని గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు కుదించి నొక్కినప్పుడు అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి, చల్లిన డీజిల్‌ను అంటించాలి. పిస్టన్ నెమ్మదిగా పైకి వస్తే ఆ వేడి చల్లని సిలిండర్ గోడలలోకి జారిపోతుంది, కొంత గాలి రింగుల పక్కగా తప్పించుకుంటుంది. చిన్న ఇంజిన్లు హాయిగా అందుకోవాలంటే నిమిషానికి సుమారు 200 చుట్లు తిరగాలని లెక్క వేసుకోవచ్చు. మీ ఇంజిన్ ఆ వేగానికి ఆమడ దూరంలో ఉన్నట్టు మీ వర్ణనే చెబుతోంది.

ఇప్పుడు మీరిచ్చిన ఆధారాలను చూడండి. లాకులలో ఇంజిన్ మొరాయించినప్పుడు అది అప్పటిదాకా నడిచి వేడిగా ఉంది. కనుక చలికి చిక్కబడిన ఆయిల్‌ను తప్పుపట్టడానికి వీల్లేదు. కొత్త బ్యాటరీ వేసిన పది రోజులు బాగుంది అన్నారు. బ్యాటరీ మార్చేటప్పుడు మీరు తప్పకుండా టెర్మినళ్లు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి ఉంటారు. అంతేకాక కొత్త బ్యాటరీ నిండుగా చార్జయి వచ్చి ఉంటుంది. దారిలో ఎక్కడో కరెంటుకు అడ్డు ఉంటే, ఆ అడ్డు బ్యాటరీ నుండి స్టార్టర్‌కు పోయే కరెంటును ఆపినట్టే, ఆల్టర్నేటర్ నుండి బ్యాటరీకి తిరిగివచ్చే చార్జింగ్‌ను కూడా కొంత అడ్డుకుంటుంది. కొత్త బ్యాటరీ మెల్లగా ఖాళీ అయి పాతదానిలా ప్రవర్తించడానికి పది రోజులు చాలు. ఎండ కాసినప్పుడు నయమన్నారు; వెచ్చదనంలో బ్యాటరీకి బలం ఎక్కువ, గడ్డకట్టే చలిలో అది తన బలంలో మూడింట రెండు వంతులే ఇవ్వగలదు. ఇవన్నీ వేలు చూపిస్తున్నది కరెంటు దారి వైపు. వేడెక్కినప్పుడు పట్టేసే స్టార్టర్లు కూడా ఉంటాయన్న మాట నిజమే గనుక, మీ వర్క్‌షాపువారి అనుమానాన్ని కొట్టివేయను. కాని అనుమానానికి, కొలతకు మధ్య ఉన్న దూరం ఒక చిన్న మల్టీమీటర్ మాత్రమే.

ఇద్దరు మనుషులు, ఒక మల్టీమీటర్, అరగంట సమయం చాలు. సీకాక్ మూయండి. ఇంజిన్‌ను ఆపే పిడిని బయటికి లాగి ఉంచండి, అప్పుడు సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ అందుకోదు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. మీ చేతులు, చొక్కా చేతులు, మీటర్ వైర్లు బెల్టుకు దూరంగా ఉండాలి. ఒకరు సెల్ఫ్‌ను అయిదు సెకన్లు కొడుతుంటే మరొకరు మీటర్ చూడాలి. ప్రతి ప్రయత్నానికి మధ్య కనీసం ఒక నిమిషం ఆగండి.

రాత్రంతా కదపకుండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుండి 12.7 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే సగం ఖాళీ. అది నిండుగా ఉన్నాకనే మిగతా పరీక్షకు అర్థం ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ సీసపు ముళ్లపైనే, వాటిని పట్టుకున్న క్లాంపులపై కాకుండా, మీటర్ మొనలు ఆనించి చూడండి. 10 వోల్టులకు తగ్గకపోతే బ్యాటరీ తన పని చేస్తున్నట్టే. తరువాత అదే సమయంలో స్టార్టర్ దగ్గర, దాని పెద్ద బోల్టుకు, దాని ఒంటికి మధ్య ఎంత ఉందో చూడండి. బ్యాటరీ దగ్గర 11, స్టార్టర్ దగ్గర 8.5 ఉంటే, రెండున్నర వోల్టులు దారిలోనే పోతున్నాయన్నమాట. ఆ స్టార్టర్‌ను మార్చి కొత్తది పెట్టినా అది కూడా 8.5 వోల్టులతోనే మూలుగుతుంది.

ఎక్కడ పోతున్నాయో కనిపెట్టడం కూడా తేలికే. మీటర్ ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ ముల్లుపై, రెండవ మొనను స్టార్టర్ పెద్ద బోల్టుపై పెట్టి సెల్ఫ్ కొట్టండి. మీటర్ చూపేదే ఆ వైపున పోయే నష్టం. తరువాత బ్యాటరీ నెగటివ్ ముల్లు నుండి స్టార్టర్ ఒంటికి అలాగే చూడండి. ఒక్కొక్క వైపు అర వోల్టు దాటితే ఆ వైపున చిక్కు ఉందని నేను లెక్కపెడతాను. అప్పుడు ఒక్కొక్క అతుకును దాటుతూ మొనలను దగ్గరకు జరుపుకుంటూ రండి. ఒక మొన అతుకుకు ఇటు, ఒకటి అటు. ఏ అతుకు దగ్గర అంకె ఒక్కసారిగా పెరుగుతుందో దొంగ అక్కడే ఉంది.

ఇంత చిన్న అడ్డు ఇంత పని ఎలా చేస్తుందని మీకు అనిపించవచ్చు. మీ ఇంజిన్ వంటి దానికి సెల్ఫ్ కొట్టేటప్పుడు 150 ఆంపియర్లు పారుతాయనుకుందాము. తుప్పు పట్టిన ఒక అతుకులో ఓములో నూరోవంతు అడ్డు ఉంటే చాలు, 150ని దానితో గుణిస్తే ఒకటిన్నర వోల్టులు అక్కడే పోతాయి. ఆ పోయినదంతా 225 వాట్ల వేడిగా మారుతుంది. అందుకే సెల్ఫ్ కొట్టడం ఆపాక ప్రతి అతుకునూ వేలి వెనుక భాగంతో మెల్లగా తాకి చూడమంటాను. మిగిలినవి చల్లగా ఉండి ఒకటి వెచ్చగా తగిలితే మీటర్ చెప్పేదానికి అది సాక్ష్యం.

పడవలో ఈ జబ్బు ఎక్కువగా దాక్కునేది ఎర్త్ వైపు. కారులో ఇనుప ఒళ్లంతా కరెంటుకు తిరుగు దారి. మీ పడవ ఫైబర్‌గ్లాసుది గనుక కరెంటు తిరిగి రావడానికి ఒక్క కేబుల్ తప్ప మరో దారి లేదు. ఆ కేబుల్ ఇంజిన్‌కు తగులుకునే బోల్టు కింద రంగు పొర, తుప్పు, నూనె జిడ్డు కలిసి పలక కట్టి ఉంటాయి. పైనుండి చూస్తే బోల్టు గట్టిగానే ఉంటుంది. విశాఖ రేవులో చిన్న పడవల ఇంజిన్లపై పనిచేసే రోజుల్లో, రెండు స్టార్టర్లు మార్చినా మారని ఒక పడవను నాకు అప్పగించారు. ఎర్త్ బోల్టు విప్పి, ఇంజిన్ ఒంటిని లోహం తళుక్కుమనేదాకా గీకి బిగించాను. అంతే, మూడో స్టార్టర్ అవసరం రాలేదు.

తరువాత అనుమానించవలసినది ‘1’, ‘2’, ‘రెండూ’, ‘ఆఫ్’ అని నాలుగు గుర్తులు ఉండే బ్యాటరీ మెయిన్ స్విచ్. నలభై ఏళ్ల పడవలో అది కూడా నలభై ఏళ్లదే అయి ఉండవచ్చు. దాని రెండు వైపులా మీటర్ పెడితే 0.2 వోల్టులకు మించకూడదు. ఒక హెచ్చరిక: ఇంజిన్ నడుస్తుండగా ఆ స్విచ్‌ను ఆఫ్‌కు తిప్పితే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. మూడవది కేబుల్ చివరల థింబుళ్లు, అంటే బోల్టుకు తగిలించే లోహపు కొనలు. వాటి దగ్గర తొడుగును కొద్దిగా కోసి చూడండి. లోపల రాగి తీగలు నల్లగానో, పచ్చగానో కనిపిస్తే ఆ కేబుల్ ఎంత పొడవున చెడిందో బయటికి తెలియదు, మార్చేయడమే మేలు. మార్చినప్పుడు తగరం పూత వేసిన రాగి తీగల మెరైన్ కేబుల్‌నే తీసుకోండి.

కేబుల్ మందం విషయంలో కక్కుర్తి పడకండి. బ్యాటరీ నుండి స్టార్టర్‌కు మూడు మీటర్లు ఉంటే పోను రాను ఆరు మీటర్లు. 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 150 ఆంపియర్ల దగ్గర దాదాపు ఒక వోల్టు కేబుల్‌లోనే పోతుంది, అతుకులన్నీ కొత్తవైనా సరే. 35 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం అర వోల్టు లోపుకు, 50దైతే సుమారు మూడోవంతు వోల్టుకు తగ్గుతుంది. వీలైతే స్టార్టింగ్ బ్యాటరీని ఇంజిన్‌కు దగ్గరగా జరపడం ఇంకా మంచిది. దీపాలకు, ఫ్రిజ్‌కు వాడే బ్యాటరీలు వేరు, స్టార్టింగ్ బ్యాటరీ వేరు అన్న నియమాన్ని కూడా పాటించండి. రాత్రి ఫ్రిజ్ తాగేసిన బ్యాటరీతో పొద్దున సెల్ఫ్ కొట్టడం ఏ ఇంజిన్‌కూ న్యాయం కాదు.

ఇవన్నీ సరిచేశాక స్టార్టర్ దగ్గర 10 వోల్టులు దాటి ఉండి కూడా ఇంజిన్ బరువుగానే తిరిగితే, అప్పుడు స్టార్టర్ వంతు వస్తుంది. అంతకుముందు ఇంజిన్ స్వయంగా బరువెక్కలేదని తేల్చుకోవాలి. యాన్మార్ జీఎం వరుస ఇంజిన్ల వంటివాటికి పైన డీకంప్రెషన్ లీవర్లు ఉంటాయి. అవి ఎత్తి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో తిప్పండి. సాఫీగా తిరిగితే ఇంజిన్ బాగుంది, స్టార్టర్‌ను విప్పి బుష్షులు, కార్బన్ బ్రష్షులు చూపించండి. పడవలలో స్టార్టర్ ఇంజిన్‌కు కింది భాగంలో, తడికి దగ్గరగా ఉంటుంది. నీటి పంపు సీలు కారి నెలల తరబడి దానిపై బొట్లు పడుతున్నాయేమో తప్పక చూడండి, లేకపోతే కొత్త స్టార్టర్‌కూ అదే గతి పడుతుంది. చేత్తో తిప్పినప్పుడు ఒకచోట గట్టిగా ఆగిపోతే మాత్రం బలవంతం చేయకండి. అది సిలిండర్‌లో నీరు కావచ్చు.

లాకులకు వెళ్లే రోజుల గురించి ఒక మాట. 1917లో ప్రారంభమైన ఆ కట్టడంలో తెరచాపలకు పని లేదు. గోడల మధ్య ఇంజిన్, తాళ్లు, పక్కవారి సాయం, ఇంతే. మరమ్మతు పూర్తయ్యాక వెంటనే లాకులకు వెళ్లకుండా, లేక్ యూనియన్‌లోనే ఒక గంట నడిపి, ఆపి, పావుగంట తరువాత మళ్లీ స్టార్ట్ చేయండి. అలా అయిదారుసార్లు, రెండు మూడు వేర్వేరు రోజుల్లో, మీ భార్యగారి చేతనే సెల్ఫ్ కొట్టించండి. కొట్టేటప్పుడు మీటర్ అంకె ఎంత ఉండాలో ఆమెకూ తెలిస్తే, భయపడవలసిన రోజు ఏదో, నిశ్చింతగా ఉండవలసిన రోజు ఏదో ఆమె స్వయంగా చెప్పగలరు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో, పోర్ట్ ఫిలిప్ బేలో మాకు 34 అడుగుల సెయిల్‌బోటు ఉంది. మూడు సిలిండర్ల ఇంజిన్, స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడి చేసే హీటర్ ప్లగ్గులు ఉన్నాయి. ఇంజిన్ మంచి వేగంతోనే తిరుగుతుంది, కాని పొద్దున పూట ముప్పై సెకన్ల దాకా అందుకోదు. అంతసేపూ వెనుక తెల్లటి పొగ వస్తుంది. ఒకసారి అందుకుంటే రోజంతా చక్కగా నడుస్తుంది. మా నాన్నగారు ఊళ్లో ఆయిల్ ఇంజిన్ మొండికేస్తే గాలి గొట్టం దగ్గర పెట్రోలు తడిపిన గుడ్డ పట్టుకునేవారు. ఇక్కడ దుకాణాలలో అలాంటి పనికే, తేలికగా అంటుకునే ఈథర్ స్ప్రే దొరుకుతోంది. వాడవచ్చా?

జవాబు: వాడకండి. మీ ఇంజిన్‌లో హీటర్ ప్లగ్గులు ఉన్నాయని మీరే రాశారు. ఎర్రగా కాలుతున్న ప్లగ్గును ఈథర్ తాకితే పిస్టన్ పైకి వచ్చే లోపే, తప్పుడు సమయంలో పేలుతుంది. రింగులు విరగవచ్చు, పిస్టన్ పగలవచ్చు. చేను గట్టున, బయలు గాలిలో మీ నాన్నగారు చేసినది వేరు. మూసిన పడవ కడుపులో పెట్రోలు ఆవిరినో, ఈథర్ ఆవిరినో నింపడం వేరు. అవి గాలికంటే బరువైనవి గనుక బిల్జిలోకి, అంటే పడవ అడుగు భాగంలోకి దిగి, అక్కడే నిలిచి, ఒక చిన్న నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తాయి.

సియాటిల్ పాఠకుడికి చెప్పిన సీకాక్ మాట మీకు రెట్టింపు వర్తిస్తుంది. ముప్పై సెకన్లపాటు ఏకధాటిగా సెల్ఫ్ కొట్టడం స్టార్టర్‌కూ చేటే. పది సెకన్లు కొట్టి, ఒక నిమిషం ఆగడం అలవాటు చేసుకోండి.

పొగ రంగు మీకు మేలు చేస్తోంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగే రాకపోతే డీజిల్ సిలిండర్‌కు చేరడం లేదని అర్థం. మీకు తెల్లటి పొగ వస్తోంది, అంటే డీజిల్ చేరుతోంది గాని మండక ఆవిరిగా బయటికి పోతోంది. కొరవడినది వేడి. అందువల్ల మొదట ప్లగ్గులనే చూడండి. ఒక్కొక్కదాని పైనున్న తీగనో, పట్టీనో విప్పి, మల్టీమీటర్‌తో ప్లగ్గు తలకు, ఇంజిన్ ఒంటికి మధ్య ఓములు కొలవండి. మంచి ప్లగ్గు ఒక ఓము చుట్టుపక్కల, చాలాసార్లు అంతకంటే తక్కువ, చూపుతుంది. మీటర్ అసలు కదలకపోతే ఆ ప్లగ్గు కాలిపోయినట్టే. మూడింటిలో రెండు పోయినా ఇంజిన్ ఎండాకాలం అంతా ఏమీ తెలియనివ్వకుండా నడిచి, జూన్‌లో చలి మొదలు కాగానే బయటపడుతుంది.

ప్లగ్గులు బాగున్నా అవి కాలడానికి తగినంత కరెంటు అందకపోవచ్చు. పాత పడవలలో ఆ కరెంటు బ్యాటరీ నుండి కాక్‌పిట్‌లోని, అంటే పడవ నడిపేవారు కూర్చునే చోటిలోని బోర్డుకు వెళ్లి, అక్కడ తాళం స్విచ్ గుండా తిరిగి ఇంజిన్ దాకా రావాలి. ఒక్కొక్క ప్లగ్గు 8 నుండి 10 ఆంపియర్లు తీసుకుంటుంది, మూడింటికి సుమారు 30. అంత దూరం, సన్నని తీగలలో, మధ్యలో తుప్పు పట్టిన ప్లాస్టిక్ కనెక్టర్లు దాటి వచ్చేసరికి మీ ప్లగ్గులకు 12కు బదులు 9 వోల్టులే అందుతుండవచ్చు. వేడి వోల్టేజికి వర్గంగా మారుతుంది గనుక 9 వోల్టుల దగ్గర పుట్టే వేడి సగానికి కొంచెం పైన మాత్రమే. ప్లగ్గు స్విచ్ నొక్కి ఉంచి, ప్లగ్గు తల దగ్గర వోల్టులు చూడండి. 11కు తక్కువుంటే ఇంజిన్ పక్కనే ఒక రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్ పెట్టించి, బ్యాటరీ కేబుల్ నుండి దగ్గరి దారిలో ఫ్యూజు గుండా కరెంటు ఇప్పించండి. బోర్డు మీది స్విచ్ ఆ రిలేను పలికించడానికే పనికి వస్తుంది. పాత పడవకు ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు తెచ్చే పని మరొకటి నాకు తెలియదు.

అది కూడా సరిగా ఉంటే డీజిల్‌లో గాలి చేరుతోందా అని చూడాలి. ట్యాంకు నుండి డీజిల్‌ను లాగే లిఫ్ట్ పంపు దాకా ఉన్న గొట్టంలో పంపు పీల్చుకుంటుంది గనుక, అక్కడ సన్నని పగులున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. రాత్రి పూట డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. రేపు పొద్దున సెల్ఫ్ ముట్టుకోకముందు లిఫ్ట్ పంపు చేతి మీటను ఇరవై ముప్పైసార్లు నొక్కి చూడండి. మొదట వదులుగా ఉండి తరువాత గట్టిపడితే, ఆపైన ఇంజిన్ వెంటనే అందుకుంటే, గాలి చొరబడుతున్నట్టు ఖాయం. అప్పుడు మొదట ఫిల్టర్ మూత కింది రబ్బరు రింగును, తరువాత గొట్టం క్లిప్పులను, చివరగా ట్యాంకులోని పీల్చుడు గొట్టం పైన ఉన్న అతుకును చూడండి. ఫిల్టర్ మార్చిన వారంలోనే ఈ చిక్కు మొదలై ఉంటే పాత రింగు మీద కొత్తది కూర్చుందేమో చూడడం మంచిది, అది తరచుగా జరిగే పొరపాటు.

ఇవేవీ కాకపోతే కంప్రెషన్ కొలిపించాలి. తెరచాప పడవల ఇంజిన్లు రేవు నుండి బయటికి వచ్చేదాకా పదిహేను నిమిషాలు నడిచి ఆగిపోతాయి. లేదా బ్యాటరీ చార్జింగ్ కోసం గంటల తరబడి ఉత్తినే తిరుగుతాయి. బరువు మోయని డీజిల్ ఇంజిన్ సరిగా వేడెక్కదు, సిలిండర్ గోడలు గాజులా నున్నబడి రింగులు పట్టు తప్పుతాయి. పొగ, నీరు కలిసే వంపులో కార్బన్, ఉప్పు గట్టిపడి దారి ఇరుకవుతుంది. ఆ వంపును విప్పి లోపలికి చూపుడు వేలు పెట్టి చూడండి; వేలు పట్టకపోతే జబ్బు కొంత అక్కడే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ, వేడెక్కాక కనీసం అరగంట, గేరులో, గరిష్ఠ వేగంలో ముప్పావు వంతుకు పైన నడపమని నేను ప్రతి యజమానికీ చెబుతూ ఉంటాను.

ప్రశ్న: దుబాయిలో ఒక సెయిల్‌బోటుకు నేను నిర్వహణ చూస్తున్నాను. తాళం తిప్పితే కొన్నిసార్లు టక్ మని ఒక్క శబ్దం వస్తుంది తప్ప ఇంజిన్ కదలదు. పదోసారికో, పదిహేనోసారికో ఒక్కసారిగా పూర్తి వేగంతో తిరిగి అందుకుంటుంది. బ్యాటరీ ఎప్పుడు చూసినా 12.7 ఉంటుంది.

జవాబు: తిరిగినప్పుడు పూర్తి వేగంతో తిరుగుతోంది గనుక మందపు కేబుళ్లు, బ్యాటరీ దాదాపుగా బాగున్నట్టే. స్టార్టర్ పైనుండి దానికి పెద్ద కరెంటును కలిపే స్విచ్‌కు, అంటే సోలినాయిడ్‌కు, తాళం నుండి వచ్చే సన్నని తీగలోనే అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. టక్ మన్నప్పుడు ఆ సన్నని తీగ చివర వోల్టులు చూడండి. 10కి తక్కువుంటే తాళం స్విచ్‌ను, బోర్డు వెనుక కనెక్టర్లను శుభ్రం చేయండి, లేదా మెల్‌బోర్న్ పాఠకుడికి చెప్పినట్టే ఒక రిలే వేయండి. 11 దాటి ఉండి కూడా టక్ మని ఆగిపోతే సోలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు కాలి గుంటలు పడ్డాయి, స్టార్టర్‌ను విప్పించక తప్పదు.

దుబాయి వేడిలో బ్యాటరీ గురించి మరొక మాట. కదపకుండా ఉన్నప్పుడు 12.7 చూపే బ్యాటరీ లోపల బలం ఉడిగిపోయి ఉండవచ్చు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. మూడేళ్లు దాటిన బ్యాటరీని లోడ్ టెస్టర్‌తో పరీక్షించి, 15 సెకన్లపాటు భారం మోసినప్పుడు 9.6 వోల్టులకు దిగితే దాన్ని మార్చండి. టక్ మన్నప్పుడల్లా పదిసార్లు తాళం తిప్పడం మాత్రం ఈ రోజు నుండే మానండి. టక్ మని కదలనప్పుడు నీరు చేరదు గాని, ఇంజిన్ అందుకోకుండా రెండు మూడు సెకన్లు తిరిగి ఆగిన ప్రతిసారీ మీ సైలెన్సర్ డబ్బాలోకి కొంత సముద్రపు నీరు చేరుతూనే ఉంటుంది.